ఆమ్లజని : ఒక శాస్త్రపు మాట మన ఊరికి వచ్చిన త్రోవ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాస మొకటి వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, కోటలను గూర్చియో, రాజులను గూర్చియో, పటాన్‌చెరు ప్రాంతపు పాత శిల్పములను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. అవి వ్రాయదగినవే. వానిని నాకంటె బాగుగా నెరిగినవారు మన చందాదారులలోనే కలరు. నేను ఒక్క మాట యొక్క చరిత్రను మాత్రము చెప్పదలచితిని. ఆ మాట ‘ఆమ్లజని’. మాటకు చరిత్ర యేమిటని చదువరులు నవ్వవచ్చును. కాని యీ మాట పారిసు నగరమున నొక పండితుని పొరపాటుతో పుట్టి, సముద్రములు దాటి, తెలుగు వేషము వేసికొని, పోతిరెడ్డిపల్లిలోని మన బీరువాలోనికి వచ్చి చేరినది. దానిని నేను గమనించుటకు కారణము ఏడవ తరగతి చదువుచున్న యొక బాలిక.

గత వర్షకాలమున నొక సాయంకాలము ఆ బాలిక మన బల్ల ముందు కూర్చుండి, ఎవరో దాత యిచ్చిన అట్ట చిరిగిన పాత రసాయన పుస్తకమును త్రిప్పుచుండెను. ప్రక్కనే ఆమె బడి పుస్తకము తెరచి యున్నది. ఇప్పటి సర్కారు బడి పుస్తకములు మన కాలపువి కావు. ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు. రెండింటి నడుమ వేలు పెట్టుకొని చదువుచున్న ఆ పిల్ల తలయెత్తి, “తాతా, ఈ ఆమ్లజని అంటే ఏంది? మా పుస్తకంల ఎక్కడ లేదు” అని యడిగినది.

“ఆక్సిజనే బిడ్డా. మా చిన్నప్పుడు అట్ల రాసేటోళ్లు. ఆమ్లం అంటె పులుపు గదా, పులుపును పుట్టించేది కాబట్టి ఆమ్లజని” అంటిని.

“అట్లయితె బాత్‌రూంలు కడిగే ఆసిడుల గూడ ఆక్సిజన్ ఉంటదా?”

“ఉంటది” అని నేను తడుముకొనకుండ చెప్పితిని. ఆమె వ్రాసికొని పోయినది. రాత్రి పడుకొన్న తరువాత గాని నేను చెప్పినది తప్పని నాకు తోచలేదు. ఆ ఆమ్లము హైడ్రోక్లోరిక్ ఆమ్లము. దానిలో నున్నవి ఉదజని, క్లోరిను అను రెండే మూలద్రవ్యములు. దానిని కలిపిన నీటిలో ఆమ్లజని యున్నను, ఆమ్లములో నున్నది కాదు. పెద్దవాడనైన నన్ను ఒక మాట మోసగించినది. ఆ మాటను ఎవరు, ఎందుకు, అట్లు పెట్టిరో వెదకుట ఆ రాత్రినుండి నాకు పనియైనది.

కథ 1774వ సంవత్సరమున మొదలగును. ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ యను మతబోధకుడు ఎర్రని పాదరస భస్మమును భూతద్దముతో ఎండను కూర్చి కాల్చగా, దానినుండి యొక గాలి వెలువడినది. ఆ గాలిలో కొవ్వొత్తి కన్నులు చెదరునట్లు వెలిగినది. స్వీడనులో షీలే యను మందుల తయారీదారు అంతకు కొంచెము ముందే దానిని కనిపెట్టియుండెను గాని అతని పుస్తకము ఆలస్యముగా అచ్చయినది. ఇద్దరికిని అది యేమో తెలియలేదు. తెలిసికొనినవాడు ఫ్రాన్సు దేశీయుడైన లెవోషియే. అతని ఆయుధము త్రాసు. కాల్చుటకు ముందు తూచుట, కాల్చిన తరువాత తూచుట, ఇదియే అతని విద్య. గంధకము కాలిన బరువు పెరుగును, భాస్వరము కాలినను పెరుగును, గాలి తగ్గును. కాబట్టి కాలుట యనగా వస్తువులోనుండి ఏదో వెడలిపోవుట కాదు, గాలిలోని యొక భాగము వచ్చి చేరుట యని అతడు స్థాపించెను. పొయ్యిలో కట్టె మండుటయు, ఇనుము త్రుప్పు పట్టుటయు, మనము ఊపిరి పీల్చుటయు ఒకే జాతి పనులని చెప్పిన మాట అదియే.

ఇంతవరకు అంతయు సరియే. కాని గంధకమును, భాస్వరమును, బొగ్గును కాల్చగా వచ్చిన పదార్థములను నీటిలో కలిపి రుచి చూడగా పుల్లగా నుండెను. అన్ని పులుపులకును ఈ గాలియే మూలమని లెవోషియే నిశ్చయించి, గ్రీకు భాషలో పులుపునకును పుట్టుకకును గల మాటలను జతచేసి 1777లో దానికి పేరు పెట్టెను. అదియే ఆక్సిజన్. 1794లో ఫ్రెంచి విప్లవకారులు అతని తల నరికిరి. పొరపాటు మాత్రము బ్రతికియుండెను. 1810లో హంఫ్రీ డేవీ యను ఆంగ్లేయుడు ఉప్పునుండి తీయు ఆమ్లములో ఈ గాలి లేశమైనను లేదని నిరూపించెను. పులుపునకు మూలము ఉదజని యని పిమ్మట తేలినది. న్యాయముగా చూచినచో ఆమ్లజని యను పేరు ఉదజనికి చెందవలసినది! కాని అప్పటికి పేరు లోకమంతట పాతుకొనిపోయినది. జర్మనులు దానిని ‘పులుపు పదార్థము’ అందురు, రష్యనులు ‘పులుపును పుట్టించునది’ అందురు, జపానువారి మాటకును అదే అర్థము. వంగదేశీయులు ‘అమ్లజాన్’ అనిరి. మనము ఆమ్లజని యంటిమి. ఇన్ని భాషలవారు ఒక్క పొరపాటును ఇంత శ్రద్ధతో అనువదించుకొనుట నాకు వింతగా తోచును.

తక్కిన రెండు పేర్లు అంత చెడినవి కావు. ఉదజని యనగా నీటిని పుట్టించునది. అది మండినప్పుడు నీరే యేర్పడును గనుక పేరు సార్థకము. నత్రజని యనగా ‘నైటర్’ను, అనగా సురేకారమును, పుట్టించునది. ఈ పేరు పెట్టినది 1790లో షాప్తాల్ అను ఫ్రెంచి పండితుడు. ‘నత్ర’ యన్న మన రైతునకు ఏమియు తోచదు. ‘సురేకారపు గాలి’ యని యుండినచో తోచియుండెడిది. కంది, శనగ, వేరుశనగ మొక్కల వేళ్లను పెరికి చూచినచో చిన్న చిన్న బుడిపెలు కనబడును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా నిచ్చునని 1886–88లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అను నిరువురు చూపిరి. 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ పరిశోధించు పంటలలో ఈ మూడు పప్పుజాతులును కలవు. జొన్నలో కందిని సాళ్లుగా వేయుట మెదకు సీమ రైతునకు తాతలనాటి అలవాటు. పని యెరిగినవానికి పేరు తెలియదు. పేరు తెలిసిన విద్యార్థి బుడిపెను చూచియుండడు. ఇరువురిని కలుపుటకు కావలసినది నోరు తిరుగు మాట యొకటే.

అట్టి మాటలను తెలుగువారి చేతికి తెచ్చినది ఎవరు? కందుకూరి వీరేశలింగము పంతులుగారు కథలు, ప్రహసనములు వ్రాసిన చేతితోనే జ్యోతిశ్శాస్త్రమును, జంతువుల స్వభావమును గూర్చి బాలురకు పుస్తకములు వ్రాసిరి. అది కోస్తా సీమ మాట. మనకు దగ్గరి కథ హైదరాబాదులోనిది. 1901 సెప్టెంబరు 1వ తేదీన రెసిడెన్సీ బజారులో, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. దాని స్థాపకులలో ప్రముఖులైన కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు మునగాల జమీందారువద్ద దివానుగా నుండిరి. నాగపూరులో చదివి, మరాఠీలో చరిత్ర, శాస్త్రములు వెలువడుట కన్నులార చూచిన ఆయనకు తెలుగున అట్టివి లేకుండుట కంటకముగా నుండెను. 1906లో ఆయనయు మిత్రులును హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. రెండేండ్లకు అది మద్రాసునకు తరలిపోయినది.

ఆ మండలి పుస్తకములలో చరిత్రలు, నవలలు మాత్రమే కాక శాస్త్రగ్రంథములును కలవు. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రము వ్రాసిరి. మంత్రిప్రగడ సాంబశివరావుగారు పదార్థవిజ్ఞానము, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయనశాస్త్రము, గోటేటి జోగిరాజుగారు వ్యవసాయశాస్త్రము వ్రాసిరి. ఇంగ్లీషు రానివాడు, బడికి పోనివాడు చదివినను తెలియవలెనన్నది వారి పట్టుదల. ఆ పట్టుదల ఎల్లపుడు నెరవేరినదని నేననను. సంస్కృత సమాసముల బరువున కొన్ని పుటలు నేటికిని కదలవు. అయినను ముందుగా గుంట త్రవ్వినవానిని, గట్టు వంకరయని నిందింపరాదు.

వైద్యులైన లక్ష్మీపతిగారు చలిజ్వరమును గూర్చియు వ్రాసిరి. ఇచట నొక్క మాట. ‘మలేరియా’ యనునది ఇటలీ మాట. చెడుగాలి యని దాని యర్థము. బురదనేలల గాలివలన జ్వరము వచ్చునని పూర్వులు నమ్మిరి. అదియు పొరపాటే. ఆ పొరపాటు వీడినది మనకు ఆమడల దూరములోనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదు బేగంపేటలోని సైనిక వైద్యశాలలో రొనాల్డ్ రాస్ అను డాక్టరు, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమల కడుపులు కోసి చూచి, జ్వరపు క్రిములు దోమలో పెరుగుట కనిపెట్టెను. తన్ను కుట్టిన దోమ కొక అణా చొప్పున ఆ హుసేన్ ఖానునకు ముట్టినది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము ముట్టినది. లోకము నేటికిని దానిని చెడుగాలి యనియే పిలుచుచున్నది. ‘చలిజ్వరము’ అన్న మన పాత మాటలో మాత్రము అసత్యము లేదు. రోగికి చలి పుట్టును, జ్వరము వచ్చును, అంతియే.

లక్ష్మణరావుగారు అంతటితో నాగలేదు. లోకమునందలి విద్యలన్నిటిని అకారాదిగా తెలుగున పొందుపరచు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి. ‘అ’ అక్షరమును దాటకముందే, 1923లో ఆయన గతించిరి. మన ఆమ్లజని ‘ఆ’లోనిది గదా! ఆ పుట ఆయన చేతిమీదుగా రాలేదు.

హైదరాబాదులో పుట్టిన యీ ప్రయత్నపు ఫలము హైదరాబాదు రాజ్యపు బాలునకు చేరినదా? ఆనాడు సంగారెడ్డి మెదకు జిల్లాకు కేంద్రము, రాజభాష ఉర్దూ. 1919లో తరగతులు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున భౌతికము, రసాయనము, వైద్యము సైతము ఉర్దూలోనే బోధించిరి. అందులకై 1917లోనే యొక అనువాదశాలను నెలకొల్పి, పండితులను కూర్చుండబెట్టి, వేలకొలది పారిభాషిక పదములను కల్పించిరి. దీనిని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. ఈ దేశపు భాషలో ఉన్నత శాస్త్రము చెప్పవచ్చునని ఋజువు చేసినది వారే. కాని తెలుగు పల్లె బాలునకు ఆ ఋజువు వలన ఒరిగిన దేమి? ఇంట నొక భాష, బడిలో వేరొక భాష. రసాయనమును కీమియా యని వల్లెవేసి, అది ఇంటి చింతపండు పులుసునకు చెందిన విద్యయని యెరుగకయే పరీక్షలు వ్రాసినవారి మాటలు మా పెద్దలనుండి నేను వింటిని.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ మందిరమున జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది, దానినుండి ఆంధ్రమహాసభ. ఆ మహాసభ మొదటి సమావేశము 1930 మార్చిలో జరిగినది మరెక్కడనో కాదు, మన జోగిపేటలో. అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు. తెలుగు బడి, తెలుగు గ్రంథాలయము అను రెండు కోర్కెలు ఆ ఉద్యమమునకు రెండు కన్నుల వంటివి. మన వంటి ఊరి గ్రంథాలయమునకు వంశవృక్షము వ్రాయవలసివచ్చినచో జోగిపేటను మరువరాదు.

1948 తరువాత ఉర్దూ బోధన తగ్గి తెలుగు వచ్చినది. 1956లో రాష్ట్రములు కలిసినవి. 1968లో తెలుగు అకాడమి యేర్పడి కళాశాలలకు కావలసిన శాస్త్రగ్రంథములను తెలుగున అచ్చువేయసాగినది. ఆ కాలమున చదివిన మాకు ఆమ్లజని, ఉదజని, నత్రజని ఇంటి పేర్ల వలె అలవడినవి. తరువాత పుస్తకములలో మెల్లమెల్లగా ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ అనియే తెలుగు లిపిలో వ్రాయుట వాడుకైనది. 2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తన బడులలో ఒకటినుండి ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు బోధన ప్రవేశపెట్టి, నేను ముందు చెప్పిన రెండు పుటల పుస్తకములను అచ్చువేసినది. నూరేండ్లలో మన బాలుడు శాస్త్రమును మూడు భాషలలో నేర్వవలసివచ్చినది.

ఇంగ్లీషు వద్దని వాదించుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. పిల్లలు కందిలోని ఐ.ఐ.టి. వాకిలి చూచుచు పెరుగుచున్నారు. ఆ లోపలి భాష ఇంగ్లీషు. తలిదండ్రులు కోరునది కోరదగినదే. ‘ఆక్సిజన్’ అను మాట మీదను నాకు పగ లేదు. 2021 వేసవిలో కరోనా రెండవ విడతలో ఊరూర ‘ఆక్సిజన్ సిలిండరు’ అని పరుగెత్తిన దినములు ఎవరు మరతురు? అక్షరము రాని ముసలమ్మకు సైతము ఆ మాట ఆనాడు తెలిసినది. డాక్టరును, ఆటో నడుపువాడును, రోగి కొడుకును ఒకే మాట యనుట మేలే. నా బాధ వేరు. రెండు పుటలలోను ఒకే శబ్దము అచ్చైనప్పుడు, తెలుగు పుట విప్పి చెప్పవలసిన పని యేదో మిగిలిపోవుచున్నది. పిల్ల రెండు మారులు చదువును, ఒక్క మారును తెలిసికొనదు.

ఇది బడి గోడల లోపలి ముచ్చట మాత్రమే కాదు. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములందు మందుల కార్ఖానాలు, రసాయనపు కార్ఖానాలు వెలసినవి. పనులు దొరికినవి, మన ఊరివారును అనేకులు వానివలన బ్రతికిరి. కొంతకాలమునకు నక్కవాగు నీరు రంగు మారినదనియు, బావులు చెడినవనియు, మళ్లు పండుట లేదనియు దిగువ గ్రామముల రైతులు మొరపెట్టుకొనిరి. 1990లో ఆ మొర సుప్రీంకోర్టు దాక పోయినది. అది మొదలు ఎన్నో పరీక్షలు, ఎన్నో నివేదికలు వెలువడినవి. వానిలో నిండ ‘సీ.ఓ.డీ.’, ‘బీ.ఓ.డీ.’ అను పొడి అక్షరములు. నీరు తమది, పొలము తమది, చచ్చిన చేప తమది. నివేదికలోని మాట మాత్రము తమది కాదు.

ఆ అక్షరములలోని ‘ఓ’ యే మన ఆమ్లజని. చేపయు ఊపిరి పీల్చును. నీటిలో కరిగియున్న ఆమ్లజనిని మొప్పలతో పీల్చును. ముప్పది డిగ్రీల వేడిమిగల మంచినీరు లీటరునకు సుమారు 7½ మిల్లీగ్రాముల ఆమ్లజనిని మాత్రమే కరిగించుకొనగలదు. వాగులో కుళ్లుపదార్థము చేరినచో, దానిని తిను సూక్ష్మజీవులు ఆ కొద్దిపాటి ఊపిరిని కూడ పీల్చివేయును. అట్లు పీల్చుట ఎంతయో తెలియుటకు, నీటిని సీసాలో నించి, గాలి చొరకుండ బిగించి, వెలుతురు తగులకుండ 27 డిగ్రీలలో మూడు దినములుంచి, ముందు వెనుక ఆమ్లజనిని కొలుతురు. తగ్గినదెంతయో అదియే బీ.ఓ.డీ.; జీవులు కోరిన ఆమ్లజని. చీకటిలో నుంచుట యెందులకన, వెలుతురున్నచో పాచి తానే ఆమ్లజనిని పుట్టించి లెక్క తప్పించును. సూక్ష్మజీవులు తినలేని రసాయనములను కూడ లెక్కలోనికి తెచ్చుటకు, ఘాటైన మందులు చేర్చి కాచి చూచునది సీ.ఓ.డీ. వాగులోనికి వదలు వ్యర్థజలమున బీ.ఓ.డీ. 30, సీ.ఓ.డీ. 250 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు సాధారణ నియమము. ఇక లెక్క వేయుడు: నియమము మీరని యొక్క లీటరు వ్యర్థజలమైనను, తన సీ.ఓ.డీ. అంతయు తీర్చుకొనవలెనన్న, 33 లీటర్ల మంచినీటి ఊపిరిని కోరును. నియమము మీరినదాని మాట చెప్పనేల? ఏడవ తరగతి భాగహారము చాలును దీనికి. ఈ నాలుగు వాక్యములు ఆనాడు తెలుగున అచ్చువేసి చావడి గోడకు అంటించియుండినచో, రైతు కచేరిలో మాటాడు తీరే వేరుగా నుండెడిదని నా నమ్మకము.

మరునాడును, ఆ మరునాడును ఆ బాలిక రాలేదు. నాలుగవ దినమున వచ్చినది. నేను తప్పు చెప్పితినని ఒప్పుకొని, లెవోషియే త్రాసును, డేవీ పరీక్షను వివరించితిని. ఆమె అంతయు విని, “అయితే పేరు తప్పని తెలిసినంక గూడ ఎందుకు మార్చలేదు తాతా?” అని యడిగినది. మన ఊరి పేరున నున్న పోతిరెడ్డి ఎవరో మనమెరుగము. అయినను ఊరు పేరు మార్చుకొన్నదా యని నేనంటిని. ఆమె కొంచెము ఆలోచించి, ఆ పోలిక కుదరలేదనియు, పోతిరెడ్డి ఉండియే యుండుననియు అన్నది. నాకును అట్లే తోచినది. అప్పుడామె గ్రంథాలయపు పుస్తకములో వ్రాయరాదు గనుక, తన బడి పుస్తకములోని తెలుగు పుటలో ‘ఆక్సిజన్’ అనుచోట అంచున పెన్సిలుతో ‘ఆమ్లజని, 1810ల తప్పని తేలింది’ అని వ్రాసికొని, దాని క్రింద ‘ప్రాణవాయువు’ అని మరల వ్రాసికొన్నది.